వ్యంగ్యార్థమునకు సాక్షి యెవరు?

ఈ నడుమ మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నొక చిన్న తగవు పుట్టినది. ఎనుబదియేండ్లు దాటిన మా పెద్దవారొకరు, తమకు వచ్చిన యొక తెలుగు పద్యపు బొమ్మను వచ్చినది వచ్చినట్లే అందరికిని పంపిరి. పైన కవి పేరు లేదు. క్రింద గ్రంథము పేరు లేదు. పద్యభావము స్థూలముగ నిది: దేవా, భారమెల్ల మోయువాడవన్న పేరు నీ భార్య భూదేవి మోయుటచే వచ్చినది, సిరులిచ్చువాడవన్న పేరు లక్ష్మి వలన వచ్చినది, కొడుకు బ్రహ్మ సృష్టి చేయగా నీవు పెద్ద సంసారివైతివి, కూతురు గంగ పాపములు కడుగగా నీవు పతితపావనుడవైతివి, ఇవన్నియు ఇంటివారు తెచ్చిన ప్రతిష్ఠలే, నీవు మాత్రము మొదటినుండియు దామోదరుడవే.

అరగంట గడవకముందే వేరొక నగరమున నుద్యోగము చేయుచున్న మనుమడొకడు బదులు వ్రాసెను. "తాతయ్యా, దేవుడు పెళ్లాం పిల్లల మీద ఆధారపడి బతుకుతున్నాడని తిట్టే పద్యం మన గ్రూపులో ఎందుకు? పిల్లలు కూడా చూస్తారు." పెద్దాయన యిచ్చిన సమాధాన మొక్కటే: "చివరి మాట చూడు నాయనా." దానికి మనుమడు, "దామోదరుడంటే పేరే కదా" అనెను. అటుపై నిద్దరును ఊరకుండిరి. ఊరకుండుట సమాధానపడుట కాదని మా యందరికిని తెలియును.

ఆ పద్యము కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకములోనిది. ఆ కవి పదునెనిమిదవ శతాబ్దివాడు. కృష్ణాతీరమున దివిసీమకు చేరువనున్న శ్రీకాకుళములో వెలసిన ఆంధ్రవిష్ణువును గూర్చి యా శతకమును జెప్పెను. (ఉత్తరాంధ్రమునందలి శ్రీకాకుళపట్టణ మిది కాదు, పేరొక్కటి యగుటచే పలువురు పొరబడుచుందురు.) శతకమంతటను నిందాస్తుతి ప్రధానము. దేవుని యెత్తిపొడుచుట, ఆ యెత్తిపొడుపులోనుండియే స్తోత్రము పుట్టించుట యతని విద్య. ఇట్టి రచనను వ్యాజస్తుతి యను నలంకారముగా లెక్కింపవలెను గాని ధ్వని యనరాదని శాస్త్రజ్ఞులు నన్నాక్షేపింపవచ్చును. వారి యాక్షేపణ న్యాయమే. కాని చెప్పిన మాట యొకవైపు, చెప్పని భావమింకొకవైపు నడచుట రెండింటికిని సమానమే గనుక నా భేదమును ప్రస్తుతము ప్రక్కకుంచెదను.

దామోదర శబ్దమునందే కీలకమంతయు నున్నది. దామమనగా త్రాడు, అది యుదరమునందు గలవాడు దామోదరుడు. వెన్న దొంగిలించిన బాలుని యశోద రోటికి కట్టబోగా నెంత త్రాడు తెచ్చినను రెండంగుళములు తక్కువైన కథ భాగవత దశమస్కంధములో నున్నది. కావున పద్యములోని చివరి మాటకు పైయర్థ మిది: ఇంటివారి ప్రతిష్ఠ తీసివేసినచో నీకు మిగులునది నడుమునకు కట్టిన త్రాడొక్కటే. ఇక విష్ణుసహస్రనామ వ్యాఖ్యానమున నీ పేరునకే మరియొక యర్థము కలదు: దామములనగా లోకములు, అవి కడుపులో గలవాడు. అప్పుడు పద్యమంతయు తలక్రిందులగును. మోసినదని చెప్పిన భూమి, ఇచ్చినదని చెప్పిన లక్ష్మి, సృజించిన బ్రహ్మ, కడిగిన గంగ, అందరును వాని కడుపులోని వారే. లోకములను కడుపులో మోయుచుండియు నొక గొల్లయిల్లాలి త్రాటికి లోబడినవాడన్న మూడవ భావము వినువాని మనసున నింకను లోతుగా మెదలును. ఒక్క మాటతో కవి యిన్ని తలుపులు తెరచినాడు. అయితే యా తలుపులన్నియు పాఠకుని లోపలివైపుననే యున్నవి. యశోద కథ తెలియనివానికి దామోదరుడు వీధిచివర విద్యుత్తు పనిచేయువాని పేరు మాత్రమే.

ఇంతకంటెను ముఖ్యమైన సంగతి యొకటి యున్నది. ఆ శతకమున ప్రతి పద్యమునకును చివర రెండు పాదములు మకుటము. అందు కవి స్వామిని, ఆశ్చర్యకరమైన ప్రభావము గలవాడనియు దయగలవాడనియు సంబోధించును. మా గ్రూపునకు వచ్చిన బొమ్మలో నా రెండు పాదములు లేవు. చోటు చాలకనో, ప్రతి పద్యమునకును వచ్చునదే గదా యని తలచియో యెవరో కత్తిరించిరి. కత్తిరించినవానికి మకుటము తోకగా కనిపించియుండును. నిజమునకు పద్యమెవరి మొగము చూచి పలుకబడినదో తెలుపునది మకుటమే. అది లేకున్నచో భక్తుడు గుడిలో నిలిచి స్వామితో నాడిన సరసము, పేరులేని వాడెవడో వీధిలో నిలిచి దేవుని గూర్చి పలికిన దూషణగా మారును.

మన పూర్వులీ విషయమును చాల సూక్ష్మముగ పరిశీలించిరి. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరమున నవంతివర్మ యేలుచుండగా ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము వ్రాసెను. మాటకు వాచ్యార్థము, లక్ష్యార్థము గాక వ్యంగ్యార్థమను వేరొకటి కలదనియు, కావ్యమునకు నదియే ప్రాణమనియు నాతని సిద్ధాంతము. ఇందులకాత డెత్తుకొన్న మొదటి యుదాహరణములలో నొకటి మన గోదావరి యొడ్డుది. శాతవాహనుడైన హాలుని గాథాసప్తశతిలోని ప్రాకృతగాథ. ఒక స్త్రీ, తన ప్రియుని కలిసికొను పొదరింటివైపు పూలకొరకు వచ్చుచున్న భక్తునితో ననును: అయ్యా, ఇక నిర్భయముగ తిరుగవచ్చును, నిన్ను బెదరించు కుక్కను గోదావరి యొడ్డున పొదలలోనుండు సింహము నేడు చంపివేసినది. మాట చూడగా రమ్మని. భావము చూడగా రావద్దని. వాచ్యము విధి, వ్యంగ్యము నిషేధము. రెండువేల యేండ్ల నాటి గోదావరి స్త్రీ కాశ్మీర పండితులకు శతాబ్దుల తరబడి పని కల్పించినది!

పదునొకండవ శతాబ్దిలో మమ్మటుడు కావ్యప్రకాశమునందు, వ్యంగ్యార్థము దేనివలన తెలియునో చెప్పుచు కొన్ని సాధనములను పేర్కొనెను. పలికినవా డెవడు, ఎవనితో పలికెను, కాకువు (అనగా కంఠస్వరము) ఎట్టిది, వాక్యమెట్టిది, పైయర్థమేమి, దగ్గర మరియెవరుండిరి, ప్రస్తావమేమి, దేశమేది, కాలమేది. ఇవి తెలిసినచో ప్రతిభ గల శ్రోతకు చెప్పనిది తోచును. ఈ పట్టికను ఫోనులో చేతులు మారుచుండు సందేశమునకు పక్కన పెట్టి చూడుడు. పలికినవాని పేరు మొదటి చేతిలోనే రాలిపోవును. ఎవనితో పలికెనో రెండవ చేతిలో పోవును. కాకువు వ్రాతలో మొదటినుండియు లేదు. దానికి బదులుగా నవ్వు మొగపు గుర్తు నొకదానిని చివర నంటింతురు. ప్రస్తావము, దేశము, కాలము బొమ్మగా తీసినప్పుడు సమసిపోవును. తుదకు మిగులునది వాక్యము, దాని పైయర్థము. తొమ్మిదింట రెండు! ఆ రెండింటితో తీర్పు చెప్పుటకు వేలకొలది మంది సిద్ధముగా నుందురు.

రామదాసును తలచికొనుడు. పాల్వంచ పరగణాలో తహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న భద్రాచలమునకై సర్కారు సొమ్ము వెచ్చించెనన్న నేరమున, 1672 మొదలు 1687 వరకు నేలిన అబుల్ హసన్ తానీషా కాలములో, గోలకొండ చెరలో పడెను. ఆ చెరలో పాడెనని చెప్పుకొను కీర్తనలలో నొకదానియందు భరతునకు, శత్రుఘ్నునకు, లక్ష్మణునకు, సీతమ్మకు తాను చేయించిన నగలను, వానికైన ధనమును లెక్కపెట్టి చెప్పి, నీవు కులుకుచు తిరుగుట యెవరి సొమ్ముతోనని సాక్షాత్తు రాముని నడిగినాడు. నీ తండ్రి పెట్టెనా, మామ పంపెనా యని దెప్పినాడు. తరువాత నా పాటలోనే, దెబ్బల కోర్వలేక తిట్టితిని, నొచ్చుకొనకుమని వేడుకొన్నాడు. ఊరూర భజనలలో నీ కీర్తన పాడని మందిరము తెలుగునాట లేదు. అందరును భక్తిపారవశ్యమున నూగుదురు. ఒక్కరును రాముని తిట్టినాడని కేసు పెట్టలేదు. ఎందుచేత? పాడినవాడెవడో, ఎక్కడ కూర్చుండి పాడెనో విన్నవారందరికిని తెలియును. చెరసాల గోడలే యా పాటకు వ్యాఖ్యానము. ఆ గోడలను తీసివేసి, తుది చరణమును కత్తిరించి, నగల లెక్క మాత్రము పేరు లేకుండ నేటి రాత్రి పంపి చూడుడు. తెల్లవారుసరికి ఎన్ని తిట్లు వచ్చునో!

వ్యంగ్యము భక్తులదే కాదు. భయమున్న చోటనెల్ల నది పుట్టును. 1907లో కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ మరాఠీ భాషలో కీచకవధ యను నాటకము ప్రదర్శింపజేసెను. వంగదేశమును చీల్చి కర్జన్ ప్రభువు వెడలిపోయిన రెండేండ్లకే యిది జరిగినది. నాటకమంతయు విరాటపర్వకథ. ఇంగ్లీషువాని పేరు గాని, నాటి రాజకీయముల మాట గాని యందు లేదు. అయినను చూచువారికి కీచకుడు కర్జన్ ప్రభువుగను, ద్రౌపది భారతదేశముగను, ఓర్పు వహింపుమను ధర్మరాజు మితవాదులుగను, చంపివేయు భీముడు అతివాదులుగను తోచిరి. ఈ యర్థమును విడమరచి గ్రంథస్థము చేసినవాడు మనలోనివాడు కాదు. 1910లో "ఇండియన్ అన్‌రెస్ట్" అను పుస్తకము వ్రాసిన వాలెంటైన్ చిరోల్ అను నాంగ్ల పత్రికారచయిత. ఆ యేడే ప్రభుత్వము నాటకమును నిషేధించినది. ఆలంకారికులు కోరిన సహృదయుడు తుదకు శత్రుపక్షమున దొరకుట యెంత వింత! కవి హృదయము నంత చక్కగ గ్రహించిన పాఠకుని ఖాడిల్కరు స్నేహితులలో సైతము వెదుకవలసియుండును.

ఆ 1907లోనే బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరమున నుపన్యసింపగా దానిని తెనిగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు, భారతఖండమును పాడియావుగను, ఏడ్చు దూడలను దేశీయులుగను, పాలు పిదుకువారిని తెల్లవారుగను చెప్పిన పద్యము నాడుబిడ్డలు సైతము నోటికి పట్టిరి. అందలి రూపకము గూఢమైనది కాదు, బహిరంగమే. అయినను ఆవు, దూడ, గొల్ల అన్న మూడు మాటలు పల్లెవాని యింటి గోడకావలనే యుండుటచే దానికి వ్యాఖ్యాత యక్కరలేకపోయెను. కీచకవధకు విరాటపర్వము తెలిసియుండవలెను. ఆ కాలమున నది తెలియని తెలుగువాడును అరుదే. వానలు లేనప్పుడు విరాటపర్వము చదివించుట మన పల్లెల యాచారము గదా.

ఇప్పుడు న్యాయస్థానముల సంగతి. మతభావములను గాయపరచు మాటలకు శిక్ష విధించు 295-ఏ సెక్షను 1927లో శిక్షాస్మృతిలో చేరినది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షనుగా నున్నది. బుద్ధిపూర్వకమైన, దురుద్దేశముతో గూడిన యవమానము మాత్రమే నేరమని యా శాసనములోనే కలదు. 1957లో రామ్‌జీలాల్ మోదీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు దానిని నిలుపుచు నీ పరిమితినే నొక్కి చెప్పెను. అనగా శాసనము సైతము పైమాటను గాక తాత్పర్యమునే వెదకుచున్నది. కంప్యూటరు ద్వారమున పంపు మాట చిరాకు కలిగించెనన్నంతనే శిక్షింపవచ్చునన్న 66-ఏ సెక్షనును 2015 మార్చి 24న నదే న్యాయస్థానము కొట్టివేసినది. వినువాని నొప్పి యొక్కటే కొలబద్ద కారాదన్న మాట యందు స్పష్టము.

అయితే తాత్పర్యమును రుజువు చేయుట యెట్లు? ఇక్కడ మన పాత తగవొకటి యక్కరకు వచ్చును. పదునొకండవ శతాబ్దిలోనే మహిమభట్టు డను తార్కికుడు వ్యక్తివివేకమున, వ్యంగ్యమను ప్రత్యేకమైన శక్తి లేదు, అది యనుమానమే, పొగ చూచి నిప్పు నూహించుటవంటిదే యని వాదించెను. మమ్మటుడు గోదావరి గాథనే తీసికొని దానికి బదులు చెప్పెను. కుక్కకు భయపడువాడు సింహమున్న చోటికి పోడని నిశ్చయమేమి? గురువాజ్ఞచేతనో ప్రియురాలిపై వలపుచేతనో భయస్థుడును పోవచ్చును. అశుచి యని కుక్కనంటనివాడు సింహమునకు వెఱవని వీరుడు కావచ్చును. పైగా సింహమున్నదనుటకు సాక్ష్యమేది? ఆమె మాట యొక్కటే. ఆమె మాట ప్రమాణము కాదు. కావున హేతువు నిలువదు; హేతువు నిలువనిచో ననుమానము లేదు. అయినను వినువానికి భావము తోచుచునే యున్నది.

నా మట్టుకు నాకీ సమాధానము కావ్యచర్చకంటె నేటి పోలీసుస్టేషనుకే యెక్కువ పనికివచ్చునని తోచుచున్నది. వ్యంగ్యము తోచుట నిజము. కాని తోచినదానిని పొగనుండి నిప్పువలె రుజువు చేయజాలము. శిక్ష రుజువును కోరును. పద్యములో నీకు తోచిన నింద నీ మనసులోనిదా, పలికినవాని మనసులోనిదా యని యడిగినచో ఫిర్యాదుదారుడు చూపునది మరల నా పద్యమే.

ఇంతటితో విడిచిన బాగుండును గాని విడువరాదు. ఇదే ముసుగును విషము చల్లువాడును కప్పుకొనుచున్నాడు. ఒక యూర నొక మతమువారిపైనో కులమువారిపైనో పురాణములోని రాక్షసుని పేరెత్తి యొక వాక్యము వ్రాయును. ఎవరిని గూర్చియో యా యూరివారందరికిని తెలియును. అడిగినచో, "నేను రామాయణము మాట చెప్పితిని, తప్పా?" యనును. ఖాడిల్కరు ఆడిన యాట యిదే గదా యని యెవరైన నన్నడిగిన నాకు సులభమైన సమాధానము లేదు. భేద మొకటి కనబడుచున్నది. కీచకుడు రాజ్యమేలువాడు, చెరసాలయు తుపాకియు వాని చేతిలోనే యుండెను, పలికినవాడు నిర్బలుడు. ఇక్కడ బలము గుంపుది. ఎవరి గూర్చి పలికిరో వారు నిర్బలులు. వక్త యెవడు, ప్రస్తావమేమి, దగ్గర నెవరున్నారు అన్న ప్రశ్నలు భక్తుని విడిపించినట్లే యిట్టివానిని పట్టియిచ్చును. పండుగనాటి యూరేగింపు వేరొకరి వీధిమలుపున నాగినప్పుడు పాడిన పాట, అదే పాట యింట పాడినప్పటి పాట కాదు. ఊరిపెద్ద కానిండు, సబిన్‌స్పెక్టరు కానిండు, ఈ ప్రశ్నల నడుగక పాటలోని మాటలనే లెక్కించినచో దోషి తప్పించుకొనును, భక్తుడు చిక్కుకొనును.

ఫేస్‌బుక్ మొదలగు సంస్థలు నేడు దూషణలను తొలగించుటకు యంత్రములను నియోగించుచున్నవి. యంత్రమునకు లెక్కింప దగినవి మాటలే. అందుచే మనుష్యులు మాటలు మార్చిరి. చీనాదేశమున ప్రభుత్వము "సామరస్యము" పేర వ్రాతలను తుడిచివేయగా, జనులు దాదాపు నదే యుచ్చారణ గల "ఏటియెండ్రకాయ" యను మాటను వాడి నవ్వుకొనిరి. మన శ్లేషకవులు చూచినచో మెచ్చుకొనెడివారు. మన పిల్లలకు భారతభాగవతముల స్థానమున సినిమా నిలిచినది. బ్రహ్మానందము మొగమొక్కటి పంపినచో నాలుగు వాక్యముల భావము తెలియును. దీనికి నేను ముక్కు విరువను. సూచనకు కావలసినది పంపువానికిని అందుకొనువానికిని సమానముగ తెలిసిన కథ. అది యశోద కథయే కానక్కరలేదు. చిక్కేమనగా, తాతకు తెలిసిన కథ మనుమనికి తెలియదు, మనుమని బొమ్మ తాతకు తెలియదు. ఇద్దరును ఒకే గ్రూపులో నున్నారు.

మా పెద్దాయన నాలుగు దినములు చూచి, అయిదవనాటి సాయంకాలము మూడు నిమిషముల మాట రికార్డు చేసి పంపిరి. దగ్గుచు, నడుమ నడుమ నాగుచు, పోతన దశమస్కంధమున రోటికి కట్టిన ఘట్టమును పాతకాలపు వరుసలో చదివి, పిదప శతకపద్యమును మకుటముతో సహా చదివిరి. చాలసేపటికి మనుమని యొద్దనుండి బదులు వచ్చినది.

"తాతయ్యా, ఆ రెండు వేళ్ల తాడు ఎప్పుడు సరిపోయింది?"

"ఆవిడ అలిసిపోయినప్పుడు నాయనా."